కూర్చోబెట్టి పరిగెత్తించిన మాస్టారు

మా పాత స్కూలు తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో పోయిన వారం ఒక మెసేజ్ వచ్చింది. డ్రిల్లు మాస్టారు బందరులో పోయారట. చూస్తుండగానే దండాలు, కొవ్వొత్తులు, పావురాలు వరసగా దిగిపోయాయి. ఒక తల్లి "సార్ ఆత్మకు శాంతి కలగాలి" అని పెట్టి, కాసేపాగి, "ఇంతకీ సార్ ఏ సబ్జెక్టు చెప్పేవారు?" అని అడిగింది. ఇంకో తండ్రి "హిందీ అనుకుంటానండీ" అని జవాబిచ్చాడు. నేను ఫోను పక్కన పడేసి వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు గట్టిగా కడిగాను. నాకు కోపం వస్తే మా ఇంట్లో గిన్నెలు శుభ్రపడతాయి.

సాయంత్రానికి ఎవరో ఒక పాత వీడియో తవ్వి తీసి అదే గ్రూపులో పెట్టారు. గుడివాడలో ఒక థియేటరు ముందు మైకు పట్టుకున్న యూట్యూబ్ కుర్రాడు, ఆ మైకుని వాడి చేతిలోంచి దాదాపు లాక్కుని మాట్లాడుతున్న మాస్టారు, వెనకాల యూనిఫాంలో చేతులూపుతున్న మా టెన్త్ పిల్లలు. ఆ పిల్లల వెనక, మొహానికి కొంగు అడ్డం పెట్టుకుందామా వద్దా అని తేల్చుకోలేక నిలబడ్డ ఆవిడ నేనే. ఆ వీడియో వల్లే ఆయన ఉద్యోగం పోయింది. ఆ సంగతి గ్రూపులో చాలామందికి తెలుసు. అయినా అందరూ నవ్వే బొమ్మలే పెట్టారు.

నేను ఆ స్కూల్లో బయాలజీ చెప్పేదాన్ని. ఇద్దరం బందరు వాళ్ళమే. పొద్దున్నే గుడివాడ బస్సెక్కి వెళ్ళి, సాయంత్రం అదే దారిన వచ్చేవాళ్ళం. అందుకని ఆయన్ని తలచుకుంటే నాకు స్కూలు కంటే ముందు బస్సే గుర్తొస్తుంది.

ఏ సినిమా రిలీజైనా ఆయన మొదటిరోజే బందరులో చూసేసేవారు. మర్నాడు బస్సులో మొత్తం సినిమా చెప్పేవారు. ఎవరూ అడగక్కర్లేదు. డ్రైవరు వెనక సీట్లో, నడుం నిటారుగా పెట్టి, సుద్దముక్క రాసి తెల్లగా మెరిపించిన కాన్వాస్ బూట్లు జత చేసి కూర్చుని మొదలుపెట్టేవారు. పెడన దాటేసరికి హీరో కుటుంబం పరిచయమైపోయేది. కవుతరంలో ఇంటర్వెల్. గుడ్లవల్లేరులో ఫ్లాష్‌బ్యాక్. గుడివాడ బస్టాండులోకి బస్సు తిరిగేసరికి విలన్ చచ్చేవాడు. కవుతరంలో దిగే బ్యాంకు ఉద్యోగి ఒకాయన ఏ సినిమాకీ సెకండాఫ్ తెలుసుకోకుండానే రిటైరైపోయాడు. బస్సు ఆలస్యంగా నడిచిన రోజు కండక్టరు వెనక్కి తిరిగి, "మాస్టారండీ, కవుతరం రాబోతోంది, తొందరగా ఇంటర్వెల్ వేసెయ్యండి" అనేవాడు.

కథ అందరూ చెబుతారు. ఆయన అభిప్రాయాలే వేరు. కథ, మాటలు, పాటలు ఆయనకి పట్టవు. హీరో పరిగెత్తడం ఒక్కటే చూసేవారు.

"మొన్నటి సినిమాలో ఆ కుర్రాడు రైలు వెనకాల పరిగెత్తాడు చూశారా మేడమ్ గారూ? మడమ ముందు ఆనిస్తున్నాడండీ! మడమ ఆనిస్తే రైలేం అందుతుంది, రిక్షా కూడా అందదు. అయినా ఎక్కేశాడు. అదీ మన సినిమా" అనేవారు. ఇంకోసారి ఒక పెద్ద హీరో గురించి, "వయసుకి మర్యాద ఇవ్వాలి, కాదనను. కానీ ఫైటు ముందు ఒళ్ళు వేడి చేసుకోవాలా వద్దా? ఇంటి గుమ్మంలోంచి నేరుగా వచ్చి తన్నేస్తున్నాడు. కండరం పట్టేస్తుంది నాన్నా అని చెప్పేవాడే లేడు ఆయనకి" అని నిజంగా బాధపడ్డారు. హీరోయిన్ల గురించి ఎప్పుడూ ఒక్క మాట కూడా అనలేదు, ఒక్కసారి తప్ప. "ఆ అమ్మాయి వానపాటలో భలే గెంతిందండీ. లాంగ్ జంప్‌కి పనికొస్తుంది" అన్నారు.

దివిసీమలో పుట్టి, అక్కడి గట్లమీద పరిగెత్తి పెరిగిన మనిషి. వాళ్ళ చర్చి పాస్టరు గారు సినిమాలు తగ్గించమని మెత్తగా చెప్పేవారట. "సినిమా చూడద్దన్నారు గానీ పరుగు చూడద్దనలేదు కదండీ" అని ఈయన జవాబు. ఆదివారం ఆరాధనలో కూడా బెంచీ మీద వెనక్కి ఆనుకోకుండా కూర్చునేవారని వాళ్ళావిడ నాతో చెప్పి నవ్వింది.

ఇలాంటి మనిషికి దేవుడు ఎలాంటి స్కూలు రాసిపెట్టాడో చెప్పాలి.

మా స్కూలు పేరులో నాలుగు ఇంగ్లీషు ముక్కలు ఉండేవి. కింద మొబైల్ షాపు, దాని మీద బంగారం తాకట్టు ఆఫీసు, దాని మీద మేము. అడ్మిషన్ల పుస్తకంలో మాత్రం ముదినేపల్లి రోడ్డులో మా స్కూలుకి విశాలమైన ఆటస్థలం ఉందని రాసి ఉండేది. అబద్ధం కాదు, స్థలం ఉంది. అందులో చేపల చెరువు తవ్వారు. కరస్పాండెంట్ గారు దాన్ని మా స్కూల్లోనే చదివే ఒక కుర్రాడి తండ్రికి లీజుకిచ్చారు. ఆయన ముదినేపల్లి రైతు, మంచివాడు, ఒద్దికైన మనిషి. కొడుకు ఆడుకోవలసిన చోట బొచ్చె చేపలూ రాగండులూ పెంచుతున్నానని ఆయనకి ఎప్పుడూ తట్టలేదు. మాకూ తట్టలేదు. ఈ వైపు భూములన్నీ అలాగే చెరువులైపోయాయి, అదొక్కటీ వింతగా కనిపించడానికి ఏముంది?

స్కూలు కాగితాల్లో డ్రిల్లు మాస్టారు ఉండాలి కాబట్టి ఈయన ఉన్నారు. టైంటేబుల్లో ఆటల పీరియడ్ ఉండేది. దాన్ని వారం విడిచి వారం లెక్కల మాస్టారు పట్టుకుపోయేవాడు. మిగిలినప్పుడు పిల్లల్ని మేడమీదికి తీసుకెళ్ళేవారు. నీళ్ళ ట్యాంకులు, ఏసీ డబ్బాలు, డిష్‌లు పోగా మిగిలిన చోట వాళ్ళు ఎగిరేసరికి మా అంతస్తు దాటి కింద బంగారం ఆఫీసు సీలింగు కూడా పెచ్చులూడిందట. ఆ మేనేజరు పైకొచ్చి, "మా కస్టమర్లు భయపడుతున్నారండీ, భూకంపం అనుకుంటున్నారు" అన్నాడు. అంతటితో మేడకి తాళం పడింది.

ఇంకొకరైతే హాయిగా స్టాఫ్ రూములో కూర్చుని పేపరు చదువుకునేవారు. ఈయన క్లాసురూములోనే డ్రిల్లు మొదలుపెట్టారు. బెంచీల మీద కూర్చుని చేసే డ్రిల్లు. చేతులు పైకి, పక్కకి, ముందుకి. తర్వాత పరుగు. పిల్లలు బెంచీ అంచున కూర్చోవాలి, నడుం నిటారుగా పెట్టాలి, మోచేతులు మడిచి ఊపాలి, బెంచీ కింద కాళ్ళు వేళ్ళ మీద ఆడించాలి. కింద ఆఫీసుకి చప్పుడు వినపడకూడదు. "తల ఊపకురా బాబూ! మోకాలు లేవాలి! ఊపిరి ముక్కుతో!" అని బెంచీల మధ్య తిరుగుతూ అరిచేవారు. నా క్లాసు పక్కనే కాబట్టి నేను కిటికీలోంచి చూసేదాన్ని. పిల్లలందరూ ఎక్కడికో తెగ పరిగెడుతూ ఉండేవారు. పీరియడ్ అయ్యేసరికి చెమటలు పట్టి, అక్కడే ఉండేవారు.

మొదట్లో నాకు నవ్వొచ్చేది. ఒకరోజు బస్సులో అనేశాను కూడా. "మాస్టారూ, కూర్చుని పరిగెత్తడం నేర్పించేది మీరొక్కరే అయ్యుంటారు" అని. ఆయన నవ్వలేదు. "అలవాటు తప్పిపోకూడదు మేడమ్ గారూ. ఎప్పుడో ఒకప్పుడు ఖాళీ స్థలం దొరుకుతుంది వాళ్ళకి. అప్పుడు కాళ్ళకి గుర్తుండాలి కదా" అన్నారు. నేను మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

ఇలా ఉండగా ఆ సినిమా వచ్చింది. ఒక చిన్న ఊళ్ళో హైస్కూలు, టెన్త్ బీ సెక్షను, ముగ్గురు స్నేహితులు, ఒక అమ్మాయి, సైకిళ్ళు, గోడదూకి జామకాయలు దొంగిలించడం, అరవై ఏళ్ళ ప్యూనుతో పరాచికాలు, చివర్లో స్పోర్ట్స్ డేలో ఒక పరుగుపందెం. కథ అంటూ ఏమీ లేదు. కానీ మా జిల్లా జిల్లా అంతా దాన్ని భుజాన వేసుకుంది. స్కూలు వరండాలో కమానులు ఉన్నాయి కాబట్టి అది మా స్కూలే అని బందరు వాళ్ళు అన్నారు. అవనిగడ్డ వాళ్ళు, ప్యూను మాట తీరు చూస్తే తెలియడం లేదా, అది మా స్కూలే అన్నారు. గుడివాడ వాళ్ళు మాత్రం వాదనకి దిగకుండా రెండోసారి టిక్కెట్లు కొనుక్కున్నారు.

ఆ నెలంతా నేను విన్న అభిప్రాయాలు రాస్తే ఒక సినిమా తీయొచ్చు. మా చర్చి పక్కింటి అక్కగారు ఒకావిడ, "ఆ ప్రేమపాట ఒక్కటీ తీసేస్తే ఎంతో పరిశుద్ధమైన సినిమా అమ్మా" అంది. ఆ పాట మొత్తం ఆవిడకి నోటికొచ్చు. మా ఆయన, "మా స్కూల్లో అంత అందమైన అమ్మాయిలు లేరే!" అని నిట్టూర్చాడు. "మీలాంటి వాళ్ళున్నారని తెలిసి వేరే స్కూల్లో చేరుంటారు" అన్నాను. ఒక టెన్త్ అమ్మాయి తల్లి, పళ్ళ డాక్టరు, "పిల్లలు క్లాసు ఎగ్గొట్టే సీను ఎంత ముద్దుగా ఉందో మేడమ్! బాల్యం అంటే అలా ఉండాలి" అని చెప్పి, అదే ఊపులో, "మా పాపని ఆదివారం స్టడీ అవర్‌కి ఎనిమిదింటికి పంపనా, ఏడింటికా?" అని అడిగింది.

కరస్పాండెంట్ గారు సకుటుంబంగా చూసొచ్చి, మర్నాడు మైకులో పిల్లలకి చెప్పారు. "నిన్న ఒక అద్భుతమైన సినిమా చూశాను. నా స్కూలు రోజులు గుర్తొచ్చి కళ్ళు చెమర్చాయి. మీరందరూ తప్పకుండా చూడాలి. పబ్లిక్ పరీక్షలు అయిపోయాక చూడాలి" అన్నారు.

అందరికంటే ఎక్కువ ఏడ్చింది మన ముదినేపల్లి రైతు. కొడుకు ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెట్టడానికి వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. "రెండుసార్లు చూశానండీ, రెండుసార్లూ ఆపుకోలేకపోయాను. ఆ పరుగుపందెం దగ్గర మరీను. మేమూ అంతే కదండీ, చెప్పులు కూడా ఉండేవి కాదు, ఊరవతల చెరువుగట్టు దాకా ఒకటే పరుగు" అన్నాడు. అంటుంటే కూడా కళ్ళు తడయ్యాయి. కొడుకు పక్కనే నిలబడి వింటున్నాడు. పొడుగ్గా, సన్నగా, ఎప్పుడూ మొదటి ర్యాంకులో ఉండే కుర్రాడు. మాటలు తక్కువ.

"బాబుని కూడా తీసుకెళ్ళకపోయారా?" అన్నాను.

"వీడా? వీడికి ఇప్పుడు సినిమాలేంటండీ, అమ్మో!" అని తండ్రి నిజంగానే ఉలిక్కిపడ్డాడు.

ఇక మాస్టారి అభిప్రాయం. బస్సులో ఆ రోజు ఇంటర్వెల్ పెడనలోనే వచ్చేసింది, అంత తొందరగా నడిపించారు కథని. నేరుగా పందెం దగ్గరికి వెళ్ళిపోయారు. "ఆ కుర్రాడు తల ఊపుతున్నాడు మేడమ్ గారూ. అంత తల ఊపేవాడు వాళ్ళ వీధిలో కూడా గెలవలేడు. కానీ ఆ గ్రౌండు మట్టి చూశారా? కాలు పడగానే దుమ్ము లేచింది. సెట్టింగు కాదండీ, నిజం మట్టి" అన్నారు. తర్వాత గుడివాడ దాకా ఏమీ మాట్లాడలేదు. బస్సులో అందరూ ఆయనకి ఒంట్లో బాగాలేదేమో అనుకున్నారు.

ప్రీఫైనల్ పరీక్షలు దగ్గర పడుతుండగా ఒకరోజు మా వీధిలో ట్రాన్స్‌ఫార్మర్ మార్చడానికి పొద్దున్నుంచీ కరెంటు తీసేశారు. జనరేటరు కాసేపు ఏడ్చి ఆగిపోయింది. కిటికీలు సరిగ్గా తెరుచుకోని గదుల్లో పిల్లలు ఉడికిపోయారు. ఒకమ్మాయి కళ్ళు తిరిగి పడింది. చిన్న క్లాసులని దగ్గర్లో ఉన్నవాళ్ళు వచ్చి తీసుకెళ్ళారు. టెన్త్ పిల్లలు ఊళ్ళనుంచి వచ్చేవాళ్ళు, సాయంత్రం దాకా బస్సుల్లేవు. కరస్పాండెంట్ గారు విజయవాడలో ఉన్నారు, ఫోను ఎత్తలేదు.

మాస్టారు నా దగ్గరికొచ్చి, "మేడమ్ గారూ, ఆడపిల్లలు ఉన్నారు, మీరు కూడా వస్తే బాగుంటుంది" అన్నారు.

"ఎక్కడికండీ?"

"చల్లగా ఉండే చోటికి."

సందు చివరే థియేటరు, దానికి సొంతంగా పెద్ద జనరేటరుంది. అక్కడి మేనేజరు బందరులో ఈయన దగ్గర డ్రిల్లు నేర్చుకున్నవాడు. ఈయన్ని చూడగానే సీట్లోంచి లేచి అటెన్షన్‌లో నిలబడ్డాడు. సినిమా వచ్చి మూడోవారం, పొద్దుటి ఆటకి జనం పల్చగా ఉన్నారు. బాల్కనీ తలుపు తీసి, "మీరు కూర్చోండి మాస్టారండీ, నేను చూసుకుంటాను" అన్నాడు.

మా పిల్లలకి సినిమాహాల్లో ఎలా ఉండాలో తెలియలేదు. చేతులు కట్టుకుని కూర్చున్నారు. ఒకడు నీళ్ళు తాగడానికి నన్ను పర్మిషన్ అడిగాడు. జామకాయల సీను దగ్గర ఒకమ్మాయి నవ్వి, నేను వింటున్నానేమో అని ఇటు చూసింది. నేను నవ్వాను. అప్పుడు అందరూ నవ్వారు.

పందెం వచ్చింది. తెర మీద ఆ కుర్రాడు పరుగు మొదలుపెట్టగానే మాస్టారు లేచి నిలబడి, "తల! తల నిటారుగా! మోచేతులు!" అని అరిచారు. ఆ మాట వినపడగానే మా పిల్లలకి ఏమైందో, అందరూ ఒక్కసారి సీటు అంచుకి జరిగారు. నడుం నిటారుగా పెట్టారు. మోచేతులు మడిచారు. కూర్చునే పరుగు మొదలుపెట్టారు. ఈసారి చప్పుడు కాకుండా కాదు. బాల్కనీ చెక్క నేల దడదడలాడింది. కింద నేల క్లాసులోంచి ఎవరో, "పైన ఏంటయ్యా అది, కూలిపోతుందా?" అని అరిచాడు. ఆ చీకట్లో మొహాలు ఎర్రబడి, రొప్పుతూ, ఎక్కడికీ కదలకుండా పరిగెడుతున్న పిల్లల్ని చూసి నాకు ఏడుపొచ్చింది. సినిమాకి రాలేదు ఏడుపు, ఇదిగో దీనికొచ్చింది.

బయటికొచ్చేసరికి యూట్యూబ్ కుర్రాడు కాచుకుని ఉన్నాడు. మూడోవారం సినిమాకి అభిప్రాయం చెప్పేవాడు దొరక్క గేటు దగ్గర నీరసంగా ఉన్నవాడికి, ఒక్కసారిగా యూనిఫాం గుంపు కనిపించేసరికి ప్రాణం లేచొచ్చింది. "సార్, సార్, పబ్లిక్ టాక్! సినిమా ఎలా ఉంది సార్?" అని మైకు పెట్టాడు.

నేను వెనకనుంచి ఆయన చొక్కా లాగాను. కాదనను, గట్టిగానే లాగాను. కానీ ఇన్నేళ్ళూ గుడివాడ బస్సులో వృథా అయిన అభిప్రాయాలకి మొదటిసారి మైకు దొరికింది. ఆయనెలా ఆగుతారు?

"ఫొటోగ్రఫీ, మ్యూజిక్ నాకు తెలియవు నాన్నా. పందెంలో హీరో తల ఊపుతున్నాడు, అది ముందు చెప్పు మీ డైరెక్టరుకి" అని మొదలుపెట్టారు. మడమ గురించి చెప్పారు, మోకాలు గురించి చెప్పారు, ఊపిరి ఎక్కడ తీసుకోవాలో చేసి చూపించారు. కుర్రాడు మైకు వెనక్కి లాక్కోబోతే ఆయన వదల్లేదు.

"సార్, రేటింగ్ ఎంతిస్తారు సార్?" అని వాడు ఏడుపుమొహం పెట్టాడు.

"రేటింగ్ ఏంటి నాన్నా? ఆ హీరోని నా దగ్గరికి పంపు. ఒక్క నెల. తల ఊపడం మాన్పించి పంపిస్తాను."

ఎలాగో మైకు విడిపించుకుని వాడు దొరికిన మొదటి పిల్లాడి ముందు పెట్టాడు. అది ముదినేపల్లి రైతు కొడుకు.

"తమ్ముడూ, నీకు ఏం నచ్చింది?"

"గ్రాఫిక్స్ బాగున్నాయన్నా."

"గ్రాఫిక్సా? స్కూలు సినిమాలో గ్రాఫిక్స్ ఎక్కడున్నాయి తమ్ముడూ?"

"స్కూలు వెనకాల గ్రౌండు ఉంది కదన్నా. స్కూలుకి అంత ఖాళీ స్థలం ఎందుకుంటుంది? బాగా కలిపారు. అసలు తెలియట్లేదు."

వాడు వేళాకోళం చేయలేదు. తెలిసిన విషయం తెలిసినట్టు చెప్పాడు, పరీక్షలో రాసినట్టు. యూట్యూబ్ కుర్రాడు పగలబడి నవ్వాడు, దారిన పోయేవాళ్ళు నవ్వారు, ఎందుకు నవ్వుతున్నారో తెలియక ఆ పిల్లాడు నా వైపు చూశాడు. మాస్టారు మాత్రం నవ్వలేదు.

సాయంత్రానికి ఆ ముక్క ఒక్కటీ కోసి పెట్టారు. రాత్రికి గుడివాడలో అందరి స్టేటస్సులూ అదే. పోటీ స్కూళ్ళ వాళ్ళు తమ గ్రౌండులో పిల్లల ఫొటోలు తీసి, "మావి గ్రాఫిక్స్ కావు" అని పెట్టారు. అందులో ఒక స్కూలు వాళ్ళు తమకీ లేక మునిసిపల్ గ్రౌండులో తీసుకున్నారు.

కరస్పాండెంట్ గారు మమ్మల్ని పిలిచి ఎంతో మర్యాదగా మాట్లాడారు. "సినిమాకి తీసుకెళ్ళారు. కరెంటు లేదు, పిల్లలు ఉడికిపోతున్నారు. అర్థం చేసుకోగలను, నేనూ మనిషినే. కానీ గ్రౌండు మాట మైకులో ఎందుకొచ్చిందండీ? అడ్మిషన్ల టైములో!" అన్నారు. ఆదివారం తల్లిదండ్రుల మీటింగు పెడతామనీ, ఆ యూట్యూబ్ కుర్రాణ్ణే పిలిపిస్తామనీ, మాస్టారు అందరి ముందూ అదే మైకులో మా స్కూలుకి ముదినేపల్లి రోడ్డులో విశాలమైన ఆటస్థలం ఉంది అని చెబితే చాలుననీ అన్నారు. చెప్పకపోతే ఏమవుతుందో కూడా అంతే మర్యాదగా చెప్పారు. మాస్టారి జీతం మీదే వాళ్ళిల్లు నడిచేది. ఆ వయసులో ఆయన్ని ఇంకో స్కూలు తీసుకోదు. ఆ సంగతి ఆయనకీ తెలుసు, కరస్పాండెంట్ గారికి ఇంకా బాగా తెలుసు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో, "చెప్పెయ్యండి మాస్టారూ. ఒక్క ముక్క. స్థలం ఉన్నమాట నిజమే కదా" అన్నాను. ఆయన తల ఊపారు. చెప్పేస్తారనే అనుకున్నాను.

ఆదివారం మీటింగుకి అందరూ వచ్చారు. ఒక్కొక్కరే లేచి ముందు సినిమాని మెచ్చుకున్నారు, తర్వాత మాస్టారిని తిట్టారు. పళ్ళ డాక్టరు గారు, "సినిమా చూసి నేనూ మావారూ వారం రోజులు అదే మాట్లాడుకున్నామండీ, అంత బాగుంది. కానీ ప్రీఫైనల్స్ ముందు పిల్లల్ని తీసుకెళ్ళడం ఏంటండీ, బాధ్యత ఉండక్కర్లేదా?" అన్నారు. ఇంకొకాయన, ఆ సినిమా చూసి పిల్లలు చెడిపోతారనీ, తను మాత్రం మూడుసార్లు చూశాననీ చెప్పాడు. నేను లేచి, "నేను కూడా వెళ్ళానండీ, ఇద్దరం కలిసే తీసుకెళ్ళాం" అన్నాను. కరస్పాండెంట్ గారు చిరునవ్వు నవ్వి, "మేడమ్ గారూ, మీ సంగతి పబ్లిక్ పరీక్షల తర్వాత మాట్లాడదాం, కూర్చోండి" అన్నారు. పరీక్షల ముందు బయాలజీకి ఇంకొకరు దొరకరు. డ్రిల్లుకి అసలు ఎవరూ అక్కర్లేదు.

యూట్యూబ్ కుర్రాడు మైకు తెచ్చి మాస్టారి ముందు పెట్టాడు. పాపం వాడికీ ఇబ్బందిగానే ఉంది. "చెప్పండి సార్, మీ స్కూలుకి గ్రౌండు ఉందా?"

"ఉంది నాన్నా" అన్నారు మాస్టారు.

కరస్పాండెంట్ గారు కుర్చీలో వెనక్కి ఆనుకున్నారు.

"ముదినేపల్లి రోడ్డులో ఉంది. చాలా విశాలంగా ఉంది. నీళ్ళు తోడేసి, చేపలు పట్టేసి, ఓ నెల ఎండబెడితే పిల్లలు ఆడుకోవచ్చు."

వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన మైకు తీసుకుని తల్లిదండ్రుల వైపు తిరిగారు. గొంతులో కోపం లేదు. బస్సులో మాట్లాడినట్టే మాట్లాడారు. "అందరూ సినిమా చూశారు కదండీ. పందెం దగ్గర అందరూ ఏడ్చారు, నాకు చెప్పారు కూడా. నేను ఒక్కటే అడుగుతాను, ఇంకేం అడగను. మీలో ఎవరైనా మీ పిల్లలు పరిగెత్తడం చూశారా?"

ఎవరూ మాట్లాడలేదు. చూస్తే చెప్పేవాళ్ళే కదా. నాకు ఆ నిశ్శబ్దంలో ఆశ పుట్టింది, ఎవరో ఒకరు లేస్తారని.

లేచాడు, ముదినేపల్లి రైతు. "ముందు టెన్త్ అవనివ్వండి మాస్టారూ. తర్వాత ఎంత పరిగెత్తినా వద్దనం" అన్నాడు.

అందరూ చప్పట్లు కొట్టారు. హాలంతా తేలికపడింది. కరస్పాండెంట్ గారు కూడా కొట్టారు. మాస్టారు చప్పట్లు ఆగేదాకా అలాగే నిలబడి, మైకు ఆ కుర్రాడి చేతిలో పెట్టి, "సరేనండీ, ఉంటాను" అని మెట్లు దిగారు.

నేను వెనకాలే దిగాను. మొబైల్ షాపు ముందు బందరు బస్సు కోసం నిలబడ్డాం. ఇంతలో ఆ రైతు గబగబా దిగి వచ్చాడు. వెనకాల కొడుకు పుస్తకాల సంచీతో, మీటింగు అవగానే స్టడీ అవర్ ఉంది కాబట్టి మెట్ల దగ్గరే ఆగిపోయాడు. రైతు అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "మాస్టారూ, ఏమీ అనుకోకండి. అందరిలో అలా అనేశాను. ఒక్క మాట అడుగుతాను, నిజం చెప్పండి. మావాడు బాగా పరిగెడతాడా?" అన్నాడు.

పైన అంతమందిలో చెమర్చని మాస్టారి కళ్ళు అప్పుడు నిండాయి. తెర మీద ఎవడు ఎలా పరిగెత్తాడో గుడివాడ దాకా చెప్పగలిగిన మనిషి, మెట్ల మీద నిలబడ్డ ఆ పొడుగాటి పిల్లాణ్ణి తలనుంచి కాళ్ళదాకా చాలాసేపు చూశారు.

"ఆరో తరగతి నుంచీ వాడికి డ్రిల్లు మాస్టర్ని నేనే కదండీ" అన్నారు. "నేను కూడా ఎప్పుడూ చూడలేదు."